ముప్పై ఆరు అంగుళాల దారి

కాల్యుమెట్, మిషిగన్
ఏప్రిల్ 20, 1986

ఒరే రైనో,

గ్యారేజీ తలుపు ఇవాళ తెరుచుకుంది. మంచు ఇంకా కిటికీ అంచుదాకా ఉంది. పక్కింటి సులో పార తెచ్చి దారి తవ్విపెట్టాడు. తవ్వినంతసేపూ సణుగుతూనే ఉన్నాడు. "అరవై రెండేళ్లు వచ్చాయి, ఏప్రిల్లో ఆ గ్యారేజీతో నీకేం పని ఐలీ? జూన్ దాకా ఆగితే మంచే కరిగిపోతుందిగా!" అని. ఇరవై ఏడేళ్లు బడి బస్సుల షెడ్డులో నా పక్కనే పనిచేసినవాడు, నేను ఆగే మనిషిని కానని ఇంకా తెలుసుకోలేదు.

కారుకు ఆర్డరు పంపేశాను. మనం ఐదేళ్లుగా పేజీలు నలిగేలా చూస్తున్న ఆ ఎర్ర కారే. రెండే సీట్లు, పైకప్పు లేదు. ఫైబర్‌గ్లాసు తొడుగు, తలుపులు, దీపాలు, నట్లు, బోల్టులు అన్నీ పెట్టెల్లో సర్ది నవంబరు ఆఖరుకి పంపుతారట. కింది చట్రం, ఇంజను మనవి. అమ్మ పాత బీటిల్ కారు పైభాగం ఊడదీసి, ఆ చట్రం మీద కొత్త తొడుగు కూర్చోబెట్టాలి. ఈలోగా గ్యారేజీ తయారు కావాలి. ఇప్పుడైతే అందులో పిల్లి కూడా తిరగలేదు.

పెట్టెలు వచ్చాక ఒక్కటే నియమం, ముందే చెబుతున్నా. షెడ్డుకు సామాను వస్తే ఇద్దరం లెక్క చూసేవాళ్లం. ఒకరు జాబితా చదవాలి, రెండోవాళ్లు ఆ వస్తువును చేత్తో ముట్టుకుని "ఉంది" అనాలి. కళ్లతో చూసి ఉందనేస్తే కుదరదు. ఇక్కడా అంతే. నువ్వు చదువు, నేను ముట్టుకుంటాను. నీకు బోల్టు తల ఏదో తోక ఏదో తెలియదు కనక చదవడమే నయం.

ఐదు చలికాలాలు "వచ్చే ఏడు చూద్దాం అక్కా" అన్నావు. ఈ చలికాలం రావాలి. ఆపై ఏడాది అంటే ఒప్పుకోను.

ఐలి


‘ఎడ్నా హార్ట్‌విక్’ ఓడ మీద నుంచి
మే 9

అక్కా,

నీ ఉత్తరం నాలుగు రోజుల కింద డిట్రాయిట్ నదిలో అందింది. తపాలా పడవ పక్కకొచ్చింది, తాడు కట్టిన బకెట్ కిందికి దించాం, పైకి లాగితే నీ చేతిరాత పైనే ఉంది. వంటవాడు చూసి, "మీ అక్కదేనా? అడ్రసు చూస్తేనే నిటారుగా నిలబడాలనిపిస్తోంది" అన్నాడు. ఓడలో చుక్కాని పట్టేది నేనైనా, నా చుక్కాని ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలుసు.

నిజంగా ఆర్డరు పంపేశావా? ఆ మాట రెండుసార్లు చదివాను. గనిలో పెత్తనం చేసే కెప్టెన్ కారు గుర్తుందా? నాకు ఆరేళ్లు, నీకు పదకొండు. కొండ మీది చర్చి ముందు ఆగింది. నువ్వు వెళ్లి దాని దీపం మీద చెయ్యి పెట్టావు. ఆయన దిగి వచ్చాడు. జేబురుమాలు తీసి, నువ్వు ముట్టుకున్నచోట తుడిచి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. ఇద్దరం ఇంటికి నడిచొచ్చాం. అప్పుడే అన్నావు, మన కారు మనమే చేసుకుందాం అని.

చలికాలం సంగతి తరవాత రాస్తాను. ఇప్పుడు డులూత్‌లో ఖనిజం ఎక్కించే హడావిడి. గ్యారేజీలో బరువులు ఎత్తకు. సులోను తిట్టి అయినా సరే, వాడిచేత ఎత్తించు.

నీ తమ్ముడు
రైనో


కాల్యుమెట్
జూన్ 24

రైనో,

ఇవాళ మధ్యవేసవి పండగ. సులో వాళ్లు ఒడ్డున మంట వేశారు. నేను కాఫీ తాగి, యాలకులు వేసిన నిస్సు రొట్టె ఒక ముక్క తిని వచ్చేశాను.

గ్యారేజీ ఖాళీ అయింది. ఏమేం దొరికాయో చెబితే నవ్వుతావు. నాన్న చేపల వలలు, నువ్వు విరగ్గొట్టి దాచిన స్కీ కర్ర ఒకటి (నలభై ఏళ్ల తరవాత పట్టుబడ్డావు), అమ్మ జామ్ సీసాలు రెండు వందల పద్దెనిమిది. సీసాలు మాత్రం పారేయలేకపోయాను. ఆవిరి స్నానం చేసే సౌనా ముందుగదిలో పేర్చాను.

తరవాత నేలకు రంగు వేశాను. పాడైంది. వారం తిరక్కుండా పాల మీద మీగడలా పొరలు పొరలుగా లేచింది. కాంక్రీటులో ఇంకా మంచు నీళ్ల తడి ఉందట. నవ్వు, ఫరవాలేదు. అంతా గీకేసి జూలైలో మళ్లీ వేస్తాను. వంటింటి నుంచి గ్యారేజీలోకి దిగే మెట్టు తీసేసి, దానిచోట వాలుగా పలకలు వేయించాను. ఇంజను బండి దొర్లించడానికి.

శనివారం సౌనా బాగా కాగింది. నేను కింది బల్ల మీదే కూర్చున్నాను. పైబల్ల వేడి ఈ మధ్య పడటం లేదు.

చలికాలం సంగతి రాస్తానన్నావు.

ఐలి


‘ఎడ్నా హార్ట్‌విక్’, హ్యూరాన్ సరస్సు
జూలై 15

అక్కా,

నేల తడి చూడకుండా రంగు వేశావా? నువ్వా? ప్లాస్టిక్ ముక్క నేలకు నాలుగు వైపులా అతికించి, మూడు రోజులు ఆగి, కింద చెమ్మ పట్టిందో లేదో చూడాలని నాకు నేర్పింది ఎవరు? నాన్న పడవకు రంగు వేసేటప్పుడు నన్ను వారం రోజులు ఆపావు. నా వేళ్లు దురదపెట్టినా ముట్టుకోనివ్వలేదు. అలాంటిదానివి, నీకేం తొందర వచ్చింది? అన్నట్టు, కింది బల్ల చిన్నపిల్లలకీ పాస్టర్లకీ అని నన్ను ఏడిపించేదానివి. ఇప్పుడు పాస్టరుగా చేరావా ఏంటి?

ఇక నీళ్లు నమలకుండా చెప్పేస్తాను. సరస్సులు గడ్డకట్టి ఓడ డులూత్‌లో కట్టేశాక, చలికాలమంతా దానిమీద ఒకడు కాపలా ఉండాలి. ఈసారి కూడా ఆ పనికి నేను సంతకం పెట్టాను. ఏప్రిల్లోనే పెట్టాను. నీ మొదటి ఉత్తరం వచ్చేసరికే పెట్టేశాను. మేలో చెప్పడానికి ధైర్యం చాలలేదు.

కారు మీద ఇష్టం లేక కాదు. ఆ ఇంటికి రాలేకపోతున్నాను అక్కా. నాలుగేళ్ల కింద ఫిబ్రవరిలో అమ్మ పోయినప్పుడు నేను ఇదే కాపలాలో ఉన్నాను. నువ్వు పిలిచావు. తుపాను తగ్గాక బయల్దేరదామనుకున్నాను. వచ్చేసరికి రెండు రోజులు ఆలస్యం. నువ్వు ఒక్క మాట అనలేదు, భోజనం పెట్టావు. వంటింట్లో ఎక్కడ కూర్చున్నా అమ్మ గది తలుపే కనిపించింది. అప్పటినుంచి ఆ తలుపుకు ఎదురుగా కూర్చోవాలంటే నా వల్ల కావడం లేదు. పిరికివాణ్ణి అను, పడతాను.

పెట్టెలు అలాగే ఉండనీ. వచ్చే చలికాలం తప్పకుండా వస్తాను.

రైనో


కాల్యుమెట్
జూలై 30

రైనో,

ఉత్తరం అందింది. సరే. సంతకం పెట్టావు కాబట్టి ఉండాలి.

నేల మీద కారును పూర్తి కొలతతో టేపు అతికించి గీశాను. లోపల రెండు వంటింటి కుర్చీలు పెట్టాను, సీట్ల చోట. గ్యారేజీ పటం ఇందులో పెడుతున్నా. బల్లలు, దీపాలు, దారులు అన్నీ అంగుళాలతో సహా వేశాను.

ఒక పని చెయ్యి. గోడకు నడుము ఆనించి కూర్చుని, కాలు చాపి, నడుము నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకు ఎన్ని అంగుళాలో రాసి పంపు. సీటు ఎక్కడ బిగించాలో దాన్నిబట్టి తేలుతుంది.

అమ్మ గది తలుపుకు నేను ఎప్పుడో తాళం వేయించాను. అది నీకోసం కాదు, చలికాలం గాలి వస్తుందని.

ఐలి


‘ఎడ్నా హార్ట్‌విక్’, ఎగువకు వెళ్తూ
ఆగస్టు 17

అక్కా,

నీ పటం నాలుగు రోజులుగా నా మంచం పక్కన గోడకు అంటించి ఉంది. మొదటి రోజు దాని చక్కదనం చూసి మురిసిపోయాను. రెండో రోజు అంకెలు చదివాను. ఆ తరవాత వాటినే మళ్లీ మళ్లీ చదివాను.

కారుకు రెండు వైపులా ముప్పై ఆరు అంగుళాల దారి వదిలావు. పద్నాలుగు అడుగుల గ్యారేజీలో అంగుళం కూడా వృథా చెయ్యని మనిషివి, మనిషి నడవడానికి రెండడుగులు చాలని తెలియదా? పనిబల్ల ఎత్తు ముప్పై అంగుళాలట. నువ్వు ఐదడుగుల పదంగుళాల మనిషివి. పొట్టి బల్ల దగ్గర వంగితే నడుం విరుగుతుందని షెడ్డులో ఉన్న బల్లలన్నీ లేపించింది నువ్వే. ఈ బల్ల కింద సొరుగులు కూడా లేవు, ఖాళీగా వదిలావు. పనిముట్ల కొక్కేలన్నీ గోడ మధ్యలోకి దించావు. పైవరస మొత్తం ఖాళీ. వంటింటి మెట్టు ఏడంగుళాలు, వాలు ఏడడుగులు.

అంగుళానికి అడుగు. అమ్మకు తుంటి విరిగినప్పుడు, చక్రాల కుర్చీ కోసం వాకిట్లో వాలు వేయించావు. అప్పుడు చెప్పావు ఆ లెక్క. తలుపులన్నీ ముప్పై ఆరు అంగుళాలకు వెడల్పు చేయించావు. టేపు రెండో కొస పట్టుకుని నిలబడ్డది నేనే. మర్చిపోయాననుకున్నావా?

ఇంజను బండికట! నీ ఇంజను బండి వెడల్పు ఇరవై అంగుళాలు. నాకు తెలుసు, చేసింది నేనే.

నా కాళ్ల కొలతలు నేను పంపను. డ్రైవరు సీట్లో కూర్చునేది నువ్వు. యాభై ఏళ్లుగా అది నీ సీటే. నువ్వు నా కాళ్లు ఎందుకు అడుగుతున్నావో చెప్పు. వంకలు వద్దు. ఆ చక్రాల కుర్చీ ఎవరికి?

రైనో


కాల్యుమెట్
సెప్టెంబరు 5

తమ్ముడూ,

పటం పంపడం నా తప్పే. అబద్ధం కొలతలు వేసి పంపి ఉండాల్సింది. కానీ చెయ్యి రాలేదు. కొలత తప్పుగా రాయడం నాకు చేతకాదు.

కుర్చీ నాకే. ఇంకా రాలేదు. వస్తుంది.

పోయిన డిసెంబరులో మంచు ఊడుస్తూ పడ్డాను. కాలు జారిందనుకున్నాను. జనవరిలో మళ్లీ పడ్డాను, ఈసారి వంటింట్లో, నేల పొడిగా ఉండగా. మార్చిలో సులో నన్ను మార్క్వెట్ పట్నంలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. జబ్బు పేరు పొడుగ్గా ఉంది, రాయను. నరాల నుంచి కండరాలకు కబురు అందడం మానేస్తుందట, ఒక్కొక్కటిగా. ఎడమ పాదంతో మొదలైంది. ఇప్పుడు మోకాలి దాకా వచ్చింది. ఎడమ చేతి బొటనవేలు నట్టును పట్టి తిప్పలేకపోతోంది. "వచ్చే చలికాలానికి కాళ్లు పనిచెయ్యకపోవచ్చు" అన్నాడు డాక్టరు. "ఆ తరవాత?" అని అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. చిన్నవాడు పాపం, మన సులో కొడుకు వయసుంటుంది. నేనే వాణ్ణి ఓదార్చి వచ్చాను.

ఇంటికి వచ్చిన మర్నాడే కారుకు ఆర్డరు రాశాను. నేల తడి చూడకపోవడానికి కారణం అదే. మూడు రోజులు ఆగాలనిపించలేదు. సిగ్గుపడుతున్నాను, తొందరపడి మూడు వారాలు పోగొట్టుకున్నందుకు.

నీకు ఎందుకు చెప్పలేదంటావు. నువ్వు నా జబ్బు కోసం రావడం నాకు ఇష్టం లేదు రైనో. మంచం పక్కన కుర్చీ వేసుకుని, టోపీ చేతుల్లో తిప్పుకుంటూ కూర్చునే తమ్ముడు నాకొద్దు. కారు కోసం రావాలి. చేతులకు గ్రీజు అంటించుకుని, తిట్లు తింటూ, నాతో పనిచెయ్యాలి. జబ్బు సంగతి తెలిస్తే ఆ తమ్ముడు రాడు, టోపీ తమ్ముడే వస్తాడని భయపడ్డాను. అసలు ఎవరూ రారని తెలిశాక ఇక చెప్పి లాభం ఏముందనుకున్నాను.

అమ్మ సంగతి కూడా రాస్తాను, ఇక దాచేదేం ఉంది. నువ్వు రెండు రోజులు ఆలస్యంగా వచ్చినందుకు నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. భోజనం పెట్టి ఊరుకోవడం మంచితనం కాదు. అప్పుడే గట్టిగా తిట్టి ఉంటే నువ్వు నాలుగు చలికాలాలు ఓడ మీద దాక్కునేవాడివి కాదు. అందులో నా తప్పూ ఉంది.

కారు రోడ్డెక్కే వేళకు నా కాళ్లు పెడలు నొక్కలేవు. అందుకే సీటు నీ కొలతకు బిగించాలనుకున్నాను. పక్క సీటు నాకు చాలు. ఇవాళ టేపు గీతల లోపల, పక్క సీటు చోట పెట్టిన వంటింటి కుర్చీలో కూర్చుని చూశాను. అక్కడి నుంచి తలుపు బాగా కనిపిస్తుంది.

సంతకం పెట్టిన పనిని నాకోసం వదులుకోకు.

అక్క
ఐలి


‘ఎడ్నా హార్ట్‌విక్’, డులూత్ రేవు
అక్టోబరు 2

అక్కా,

నీ ఉత్తరం బకెట్‌లో వచ్చిన రోజు చుక్కాని దగ్గర నా వంతు. చదివి జేబులో పెట్టుకుని నాలుగు గంటలు నిలబడ్డాను. నదిలో కళ్లు మసకబారితే ఓడ ఒడ్డెక్కుతుంది కనుక ఏడవలేదు. దిగాక ఏడ్చాను. వంటవాడు కాఫీ తెచ్చిపెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు కెప్టెన్ దగ్గరికి వెళ్లాను. "చలికాలం కాపలా నా వల్ల కాదు" అన్నాను.

"సంతకం పెట్టావు కదయ్యా. ఇప్పుడు ఎవణ్ణి వెతకను? ఏం పనొచ్చింది?"

"మా అక్కా నేనూ కారు చెయ్యాలి."

"కారా?" అన్నాడు.

"అవునండీ. పెట్టెల్లో వస్తోంది. తను ఒక్కతే చెయ్యలేదు."

"నీకు కార్లు చెయ్యడం వచ్చా?"

"రాదండీ. తనకు వచ్చు."

ఆయన కాగితం తీసి నా పేరు కొట్టేశాడు. జబ్బు మాట నేను ఎత్తలేదు. కారు కోసమే వస్తున్నాను. విన్నావా? టోపీ ఓడ మీదే వదిలేస్తాను.

ఇప్పుడు నేను చెప్పేది నువ్వు విను. సీటుకు రెండు వరసల రంధ్రాలు వేద్దాం. ముందు వరస నీ కాళ్లకు, వెనక వరస నా కాళ్లకు. తొడుగు బిగించడానికి ముందే, చట్రమూ ఇంజనూ సీటూ ఉంటే చాలు, కారు నడుస్తుందని నువ్వే చెప్పావు. ఫిబ్రవరికి అంతవరకు వచ్చేద్దాం. ఆ రోజు సీటు నీ వరసలో ఉంటుంది. గ్యారేజీలో ఈ గోడ నుంచి ఆ గోడకు, నాలుగు గజాలైనా సరే, నువ్వే నడపాలి. క్లచ్ నీ ఎడమ కాలు నొక్కలేకపోతే నేల మీద కూర్చుని నేను చేత్తో నొక్కుతాను. ఎప్పుడు నొక్కాలో నువ్వు అరిచి చెప్పు. అరవడం నీకు కొత్తా?

ముప్పై ఆరు అంగుళాల దారి అలాగే ఉండనీ. టేపు పీకకు. ఓడ డిసెంబరు పదిహేనున కట్టేస్తారు. పదహారున బస్సెక్కుతాను. తుపాను వచ్చినా ఆగను, నడిచైనా వస్తాను.

ఇవిగో నా కొలతలు: నడుము నుంచి మోకాలికి ఇరవై నాలుగు, మోకాలి నుంచి మడమకు ఇరవై ఒకటి. వెనక వరసకు.

నీ తమ్ముడు
రైనో


కాల్యుమెట్
డిసెంబరు 1

రైనో,

చేతిరాత చూసి కంగారుపడకు. ఇది సులో రాస్తున్నాడు, నేను చెబుతున్నాను. కుడిచేతికి కూడా పెన్ను బరువైంది. వాడికి అక్షర దోషాలు ఎక్కువ, సర్దుకో. (అంత దోషాలేం లేవని సులో అంటున్నాడు. రాయమన్నదే రాయరా అంటే వినడం లేదు.)

పెట్టెలు వచ్చాయి. మొత్తం పదకొండు. అందులో ఒకటి పడవంత ఉంది, అది తొడుగు. షెడ్డు నుంచి నలుగురు వచ్చి దించారు. మంచు మోకాలి లోతు ఉంది. ఒక్క గీత పడకుండా టేపు గీతల పక్కన వరసగా పేర్చారు. నేల గట్టిగా ఉంది. ఈసారి మూడు రోజులు ఆగి తడి చూశాకే రంగు వేశాను.

చక్రాల కుర్చీ కూడా పోయిన వారం వచ్చింది. గ్యారేజీలోకి దిగి, కారు గీతల చుట్టూ ఒక చుట్టు తిరిగాను. దారి సరిపోయింది. మూల దగ్గర మాత్రం అంగుళం ఎక్కువ వదిలి ఉండాల్సింది.

షెడ్డువాళ్లు పెట్టెలు విప్పుదామని గొడవ చేశారు. "చూడాలని లేదా ఐలీ?" అని సులో సుత్తి కూడా తెచ్చాడు. వద్దన్నాను. చూడాలని ఎంతగా ఉందో నీకు చెప్పలేను. అయినా ఆగుతాను. జాబితా నా ఒళ్లో ఉంది, ముప్పై నాలుగు పేజీలు. రోజూ ఒకసారి చదువుకుంటున్నాను, గొంతు అలవాటు కావాలని.

ఏప్రిల్లో నేనొక మాట రాశాను, అది మార్చుకుంటున్నా. చదివేది నేను. ముట్టుకునేది నువ్వు. ప్రతి నట్టూ, ప్రతి బోల్టూ చేత్తో పట్టుకుని, నాకు వినపడేలా "ఉంది" అనాలి. దీపాలు ఏడో పెట్టెలో ఉన్నాయి. వాటిని ముందు తీద్దాం. తీసి, నా చెయ్యి పట్టుకుని వాటి మీద పెట్టు. ఎంతసేపు ఉంచినా ఎవరూ తుడవరు.

పదహారున తలుపు తీసే ఉంచుతాను.

అక్క
ఐలి